అబ్రహాం తర్జుమా

నవోమికి చెమట పట్టింది. ఫిబ్రవరి నెల. బయట పార్క్ చేసిన కార్ల అద్దాల మీద మంచు ఇంకా కరగలేదు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో తెలుగు సంఘం ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకి తీసుకునే ఆ చర్చి హాల్లో హీటర్ సరిగా పనిచెయ్యక జనమంతా కోట్లు విప్పకుండానే కూర్చున్నారు. ఆమెకి మాత్రం మెడ వెనక మొదలైన సెగ చెవులదాకా పాకి, జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. పాటల పుస్తకం తీసి విసురుకోసాగింది. పక్కన కూర్చున్న విమలకుమారి అది చూసి ఇంత మొహం చేసుకుని నవ్వింది.

"వేడి చేసినట్టుంది నవోమీ. ఆవకాయ గాని గట్టిగా లాగించావా? సబ్జా గింజలు నానబెట్టి తాగు, ఇట్టే పోద్ది."

సబ్జా గింజలట! రేడియేషన్‌కి అండాశయాలు మాడిపోయిన మనిషికి సబ్జా గింజలు! నవోమి ఆవిడ మొహంలోకి చూసి "అలాగే వదినా" అంది. ఆ సంఘంలో ఆమె నోటి వెంట వచ్చేది ఎప్పుడూ ఆ మాటే. అలాగే వదినా, అలాగే అన్నయ్యగారూ, అలాగే బ్రదర్. లోపల మాత్రం ఒక్కొక్కళ్ళనీ వరసగా నిలబెట్టి కడిగి పారేసేది. లాస్ కొలీనాస్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో టైపిస్టు ఆమె. అక్కడి అమెరికన్లు తనకి చెమట పడితే మాట్లాడకుండా ఫ్యాను ఇటు తిప్పేవాళ్ళు. ఇక్కడి ఆత్మీయులు మాత్రం కారణాలు వెతికేవాళ్ళు.

ముప్ఫై మూడో ఏట ఆమె గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ వచ్చింది. ముందు బయటినుంచి మిషన్‌తో కాల్చారు. తర్వాత లోపల మందుగొట్టాలు పెట్టి, కాలు కదపొద్దని చెప్పి, ఒక గదిలో ఒంటరిగా పడుకోబెట్టారు. భర్త దైవాశీర్వాదం వచ్చి సీసపు తెర వెనక నిలబడి చూసి, "ఇక్కడ పార్కింగ్ చాలా దూరం నవోమీ" అన్నాడు. ఆ గదిలో ఆయన అన్న మంచి మాట అదే. జబ్బు తగ్గింది. నెలసరి ఆగిపోయింది. రెండో బిడ్డ మాట అక్కడితో చెల్లిపోయింది. లోపల దారి ఇరుకైపోయి, భర్త పక్కకి వస్తే ప్రాణం కడబట్టేది. ఇవన్నీ ఉంటాయని డాక్టర్ ముందే చెప్పాడు. చెప్పి, "ఒక కొడుకున్నాడుగా, సంతోషించండి" అని గడియారం చూసుకుని లేచాడు. దైవాశీర్వాదం మొదట్లో "ఓర్చుకో" అన్నాడు. ఆ తర్వాత నడుం నొప్పి వంకతో హాల్లో సోఫా మీదకి మకాం మార్చాడు.

సంఘానికి ఆయన చెప్పింది మాత్రం అల్సర్ అని. అంత చిన్న వయసులో ఆ చోట ఆ జబ్బంటే జనం ముందు ఎక్కడ వచ్చిందని అడుగుతారు, తర్వాత ఎందుకు వచ్చిందని అడుగుతారు, ఆ రెండోదానికి జవాబు వాళ్ళే చెప్పుకుంటారు. ఆ మాట ఆయన భార్యకి ఎంతో ఓపిగ్గా వివరించాడు. ఇంక చూడాలి వినోదం! అల్సర్ తగ్గిపోయిందిగా, మరి రెండో కాన్పు ఎందుకు రావట్లేదని ఆడవాళ్ళకి బెంగ పట్టుకుంది. విమలకుమారి నాయకత్వంలో ప్రతి శుక్రవారం నవోమిని మధ్యలో కూర్చోబెట్టి, నెత్తిన చేతులేసి, ఆమె గర్భం తెరవమని ఏడ్చి మరీ ప్రార్థించేవాళ్ళు. నవోమి తల వంచుకుని, ఆ చేతులు ఎప్పుడు తీస్తార్రా దేవుడా అని కూర్చునేది.

అదే జబ్బు మరుసటి ఏడాది సలోమమ్మగారికి వచ్చింది. ఆవిడ విమలకుమారి అత్తగారు, సంఘపెద్ద అబ్రహాం తల్లి. అరవై దాటిన మనిషి. ఆసుపత్రి అదే, గది అదే. అయితే ఆవిడది అల్సర్ కాలేదు. అరవై దాటిన ముసలావిడ గర్భసంచితో ఎవరికి పని? అందుకని ఆ జబ్బుని పేరు పెట్టి మైకులో చెప్పుకున్నారు. నయమయ్యాక అబ్రహాం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, బిర్యానీ వండించి, ఆవిడ చేత సాక్ష్యం చెప్పించి, క్యాసెట్‌లో రికార్డ్ చేశాడు. దేవుడు మా అమ్మని కంప్లీట్‌గా హీల్ చేశాడు అని మొదట్లో అతని గొంతే వినబడుతుంది. ఆ క్యాసెట్ కాపీలు డాలస్ దాటి, సముద్రం దాటి, ఏలూరులో ఆవిడ పుట్టింటి వీధి దాకా వెళ్ళాయి.

ఆ రోజు ఆరాధన చివర్లో అబ్రహాం లేచి టై సవరించుకున్నాడు. వచ్చే ఆదివారం తమ ఇంట్లో స్వస్థత వార్షికోత్సవమనీ, హ్యూస్టన్ నుంచి పాస్టర్‌గారు వస్తున్నారనీ, అమ్మ మళ్ళీ సాక్ష్యం చెబుతుందనీ, కొత్త క్యాసెట్ తీస్తామనీ ప్రకటించాడు. అందరూ స్తోత్రం అన్నారు. నవోమి సలోమమ్మ కోసం చూసింది. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి చివరి వరసలో, బాత్రూమ్ తలుపు పక్కన కూర్చుని ఉంది. ఆ కుర్చీ సంగతి నవోమికి తెలిసినంత ఆ హాల్లో ఇంకెవరికీ తెలియదు. మిషన్ కింద పడుకున్న రోజుల్లో తనూ అక్కడే కూర్చునేది. స్తోత్రాలు పూర్తికాకుండానే సలోమమ్మ గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. నవోమి వెనకాలే వెళ్ళింది.

ఫ్లష్ ఇంకా నొక్కలేదు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. సలోమమ్మ సింకు పట్టుకుని ఒగరుస్తోంది. పెదాలు తెల్లకాగితాల్లా పాలిపోయాయి.

"అమ్మగారూ! ఎన్నాళ్ళ నించి?"

"అరవకమ్మాయ్. క్రిస్మస్ ముందు నించి. నీళ్ళు తాగడం మానేశా, అయినా ఆగట్లేదు."

"డాక్టర్‌కి చూపించారా?"

"ఎట్టా చూపిస్తాను? అంతమందిలో సాక్ష్యం చెప్పా. ఏలూరులో మా తమ్ముడింట్లో నలుగుర్నీ పిలిచి వినిపించారంట. ఇప్పుడు జబ్బు మళ్ళీ వచ్చిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? దేవుడికెంత అవమానం!"

నవోమికి ఒళ్ళు మండిపోయింది. ఈసారి అది జబ్బు సెగ కాదు. దేవుడికి అవమానమట! ఈ ముసలావిడ ఒంట్లో రక్తమంతా కారిపోతేగాని నిలబడని పరువా దేవుడిది? ఆ పరువు ఎవరిదో నవోమికి బాగానే తెలుసు. టై కట్టుకుని మైకు ముందు నిలబడి ఉంది.

"జబ్బే తిరిగి రానక్కర్లేదమ్మగారూ. ఆ రేడియేషన్ వల్ల కూడా ఇలా అవుతుంది. లోపలి గోడలు కాలి పుండ్లు పడతాయి. దానికి వైద్యం ఉంది."

సలోమమ్మ తలెత్తి చూసింది. "నీకెట్టా తెలుసు?"

మాట నాలిక చివరిదాకా వచ్చింది. హాల్లో భర్త గొంతు వినబడింది, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. "ఎక్కడో చదివాను" అంది నవోమి.

"చదివితే సరిపోద్దా తల్లీ. పడ్డవాళ్ళకి తెలుస్తుంది" అంది సలోమమ్మ. ఫ్లష్ నొక్కి, మొహం తుడుచుకుని, గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

నవోమి ఆ మాట దిగమింగలేక నేరుగా విమలకుమారి దగ్గరికి వెళ్ళి రక్తం సంగతి చెప్పింది. ఆవిడ "ఆయన్నడుగు, అత్తయ్య విషయాలు నేను కల్పించుకోను" అంది. అలాగే వదినా. ఇంక మిగిలింది అబ్రహాం. అతను క్యాసెట్లు పెట్టెలో సర్దుకుంటున్నాడు.

"అన్నయ్యగారూ, అమ్మగారికి యూరిన్‌లో బ్లడ్ పోతోంది. రేపే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి."

యూరిన్ అన్న మాటకే అతని చెవులు కందిపోయాయి. పెద్ద ఇంజనీరు, ఇద్దరు పిల్లల తండ్రి! "సిస్టర్, ఇలాంటివి ఆడవాళ్ళు ఆడవాళ్ళు మాట్లాడుకోవాలి" అన్నాడు నేలకేసి చూస్తూ.

"మాట్లాడుకున్నాం. వదిన మిమ్మల్నడగమంది."

"అమ్మ కంప్లీట్‌గా హీల్ అయింది. సైడ్ ఎఫెక్ట్స్ ఏమీ ఉండవని డాక్టరే చెప్పాడు. నేనే దగ్గరుండి ఆయన మాటలన్నీ అమ్మకి తెలుగులో చెప్పాను. ఆరునెలలకోసారి చెకప్ అన్నారు గాని, హీల్ అయ్యాక ఎందుకని నేనే మాన్పించాను. ఏదో హీట్ అయ్యుంటుంది. నెక్స్ట్ సండే కానివ్వండి, పాస్టర్‌గారు ఫ్లైట్ కూడా బుక్ చేసుకున్నారు. తర్వాత చూద్దాం. అయినా ఈ జబ్బు గురించి మీకేం తెలుసు సిస్టర్?"

హాలు అవతలి మూల నుంచి దైవాశీర్వాదం కళ్ళు ఉరిమాడు. నవోమి "అలాగే అన్నయ్యగారూ" అంది. తన మీద తనకే అసహ్యం వేసింది. వీళ్ళందరినీ ఇంత కాలంగా లోపల్లోపల తిట్టిపోసే తను వీళ్ళకన్నా ఎందులో ఎక్కువ?

ఆ వారమంతా ఆఫీసు నుంచి ఫోన్ చేస్తూనే ఉంది. చేసినప్పుడల్లా విమలకుమారి తీసి, అత్తయ్య ప్రార్థనలో ఉన్నారనో, పడుకున్నారనో చెప్పి పెట్టేసేది. ఒక్కసారి మాత్రం సలోమమ్మే తీసింది. "నేను తీసుకెళ్తాను, ఇప్పుడే కారేసుకుని వస్తాను" అంది నవోమి.

"కారూ ఇంగ్లీషూ నీకున్నా, డాక్టర్ దగ్గర నా నోరు మావాడేగా తల్లీ. వాడు వద్దంటే అక్కడ నేనేం చెప్పుకుంటాను? ఆదివారం కానీ." గొంతు పీలగా ఉంది, మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. ఆదివారం దాకా ఈవిడ ఉంటే కదా అనుకుంది నవోమి.

ఇంట్లో దైవాశీర్వాదానికి చెప్పింది. నాకొచ్చిన జబ్బు సంగతి చెబితేనే ఆవిడ నమ్ముతుంది అంది. ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు.

"పిచ్చి గాని పట్టిందా? పరువు తీస్తావా? రేపు మనవాడి పెళ్ళప్పుడు ఎంత మాట పడాలి?"

కొడుకు రెండో క్లాసు చదువుతున్నాడు. వాడి పెళ్ళప్పటి మాటలకి ఈయన ఇప్పుడే బెదిరి చస్తున్నాడు. ఈ మనిషికి భయపడా తను ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుంది? తల దిండు కింద పెట్టుకుని సోఫా మీద పడుకునే ఈ మనిషికా? ఛీ!

ఆదివారం అబ్రహాం ఇల్లు కిటకిటలాడింది. సోఫాలు గోడలకి నెట్టి కార్పెట్ మీద దుప్పట్లు పరిచారు. వంటింట్లోంచి మసాలా వాసన ముంచుకొస్తోంది. పాస్టర్‌గారు పక్కనే కుర్చీలో బొజ్జ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. టీపాయ్ మీద టేప్ రికార్డర్. దాని ముందు తెల్లచీరలో సలోమమ్మ. చీరకీ మొహానికీ తేడా తెలియడం లేదు. ఇంతమంది కళ్ళున్నవాళ్ళు చూస్తూనే ఉన్నారు, అయినా ఒక్కళ్ళకీ కనబడలేదు. పైగా వెనకనుంచి ఎవరో "ఆమె మొహంలో ఎంత వెలుగో చూశారా" అన్నారు. వెలుగట! ఒంట్లో రక్తం లేకపోతే మొహం అలాగే వెలుగుతుంది.

అబ్రహాం రికార్డర్ నొక్కాడు. సలోమమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది.

"నా పేరు సలోమమ్మ. మాది ఏలూరు. దేవుడు నా ఎడల..." అని ఆగింది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి బాత్రూమ్ వైపు చూసింది. టేప్ తిరుగుతోంది, కానియ్యమ్మా అన్నట్టు అబ్రహాం చేత్తో సైగ చేశాడు. ఆవిడ మళ్ళీ నోరు తెరిచింది, మాట రాలేదు.

నవోమి లేచి నిలబడింది. దైవాశీర్వాదం కొంగు పట్టుకుని లాగాడు. ఆమె కొంగు విదిలించుకుని మధ్యలోకి నడిచింది.

"నేను చెబుతాను సాక్ష్యం" అంది. "నాకు వచ్చింది అల్సర్ కాదు. అమ్మగారికి వచ్చిన జబ్బే. అదే ఆసుపత్రి, అదే వైద్యం. ముప్ఫై మూడేళ్ళకే నాకు బహిష్టు నిలిచిపోయింది. ఇంక నాకు బిడ్డలు పుట్టరు, కాబట్టి శుక్రవారాలు నా నెత్తిన చేతులు పెట్టి మీరంతా అరవనక్కర్లేదు. విమల వదినా, ఈ చెమట సబ్జా గింజలకి పోదు. నాకు నిజం చెప్పే ధైర్యం లేక ఇన్నాళ్ళూ మీ చేత నాటకం ఆడించాను. మీరూ అడగకుండా ఆడారు, ఎవరికీ తీసిపోలేదు. అమ్మగారికి రెండు నెలల నించి రక్తం పోతోంది. ఈ ఇంట్లో ఇద్దరికి తెలుసు. బిర్యానీ అయ్యాక చూద్దామన్నారు."

టేప్ తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది. పాస్టర్‌గారు బొజ్జ మీద చేతులు తీసేశారు. విమలకుమారి నోరు వెళ్ళబెట్టింది. ఆవిణ్ణి మాట లేకుండా చూడడం నవోమికి అదే మొదలు, ఆ క్షణంలో కూడా కాస్త తృప్తిగానే అనిపించింది.

సలోమమ్మ మాత్రం ఆమెకేసే చూస్తోంది. "నీకూనా?"

"తలుపు మీద మూడు రెక్కల రేడియేషన్ గుర్తు ఉండే గది అమ్మగారూ. అన్నం పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి నర్సులు పరిగెత్తేవాళ్ళు."

"కాళ్ళు కదపొద్దనేవాళ్ళు" అంది సలోమమ్మ.

"కదపొద్దనేవాళ్ళు. మనల్ని బతికించింది ఆ మందే, ఇలా చేసేదీ ఆ మందే అయ్యుంటుంది. నేను చదివి చెప్పట్లేదు. పడి చెబుతున్నాను."

ముసలావిడ కొడుకు వైపు చూడలేదు. చెయ్యి చాపి, "పద. కారు తియ్యి" అంది.

ఎమర్జెన్సీలో చూసినవాళ్ళు ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే మనిషి దక్కేది కాదన్నారు. రక్తం ఎక్కించారు. మర్నాడు లోపలికి గొట్టం వేసి చూశారు. మధ్యాహ్నానికి ఇద్దరికీ వైద్యం చేసిన పాత డాక్టరే వచ్చాడు, నవోమికి సంతోషించమని సలహా ఇచ్చిన మహానుభావుడే. మంచం పక్కన నవోమి, కాళ్ళ దగ్గర అబ్రహాం. దైవాశీర్వాదం ఆసుపత్రికి రాలేదు. పొద్దున ఫోన్ చేసి, ఆ క్యాసెట్ మీద పాటలు రికార్డ్ చేసేస్తే ఎవరికీ తెలియదు కదా అని అబ్రహాన్ని అడిగాడట. నలభైమంది చెవుల్లో ఏ పాటలు రికార్డ్ చేస్తాడో మరి.

డాక్టర్ అబ్రహాం వైపు తిరిగి ఇంగ్లీషులో గట్టిగానే అన్నాడు. "క్యాన్సర్ తిరిగి రాలేదు. ఇది రేడియేషన్ వల్ల మూత్రసంచి దెబ్బతిని కారిన రక్తం. ఏడాదికో రెండేళ్ళకో ఇలా జరగొచ్చని, ఎర్రగా కనబడగానే తీసుకురమ్మని నేను ఆ రోజే మీకు చెప్పాను. మీరు తర్జుమా చేశారు. ఆవిడ తలూపారు కూడా. ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు?"

అబ్రహాం చెవులు మళ్ళీ కందిపోయాయి.

"ఏవంటున్నాడు?" అంది సలోమమ్మ. అలవాటు కొద్దీ కొడుకు వైపు చూసి, మనసు మార్చుకుని నవోమి వైపు తిరిగింది. నవోమి ఒక్క ముక్క పొల్లుపోకుండా తెలుగులో చెప్పింది. మూత్రం అన్న మాట దగ్గర కావాలనే గొంతు పెంచింది.

సలోమమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఆ రోజే చెప్పాడా? నువ్వు నాతో ఏమీ ఉండదన్నాడని అన్నావే?"

"అమ్మా... ఆ మాటలు... నీతో ఎలా అనను? ఇంగ్లీషులో అయితే ఫర్వాలేదు గాని, తెలుగులో, తల్లితో..."

అదీ సంగతి! దేవుడి పరువూ కాదు, విశ్వాసమూ కాదు. తల్లి దగ్గర ఒక్క మాట అనడానికి సిగ్గుపడి, ఆ సిగ్గుని స్వస్థత అని పేరు పెట్టి, క్యాసెట్‌లోకి ఎక్కించి ఊరూరా పంచిపెట్టాడు. నవోమికి అతన్ని తిట్టడానికి కూడా మనసొప్పలేదు. తిట్టుకీ ఒక స్థాయి ఉండాలి కదా.

"నీ ఉచ్చగుడ్డలు ఉతికినప్పుడు నాకు రాలేదురా ఆ సిగ్గు" అంది సలోమమ్మ.

అబ్రహాం కళ్ళు తుడుచుకున్నాడు. కాసేపటికి అతని మొహంలోకి నెమ్మదిగా పాత కళ వచ్చింది. "కానీ అమ్మా, క్యాన్సర్ రాలేదన్నాడుగా! అంటే నీ సాక్ష్యం నిజమే! నువ్వు హీల్ అయ్యావు, అంతా నిజమే! పాస్టర్‌గారికి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

నవోమికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతను చెప్పింది నిజమే మరి. ఆ ముసలావిడ ఏ సాక్ష్యం అబద్ధమవుతుందని భయపడి చావుదాకా వెళ్ళిందో, అది మొదటినుంచీ నిజమే. ఎర్రనీళ్ళు చూసిన మొదటి రోజే వచ్చి ఉంటే ఆ మాట అప్పుడే తెలిసేది.

"చెయ్యి ఫోను" అంది సలోమమ్మ. "చేసి, నిన్నటి క్యాసెట్ చెరపట్లేదని చెప్పు. నవోమి మాటలతో సహా అట్టాగే ఏలూరు పంపించు. అక్కడ కూడా ఆడవాళ్ళున్నారు, వాళ్ళకీ మందులిస్తున్నారు, వాళ్ళకీ నీలాంటి కొడుకులుంటారు. మీ ఆవిడతో కూడా చెప్పు, ఈ పిల్ల గర్భం జోలికి ఇంక పోవద్దని. దేనికి ప్రార్థన చెయ్యాలో ఆ పిల్లనే అడగమను."

అబ్రహాం తలూపి గదిలోంచి బయటికి వెళ్ళాడు. అతను ఆ మాటలు ఫోనులో ఎంత వరకు తర్జుమా చేస్తాడోనని నవోమి తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. ఇంతలో మెడ వెనక సెగ మొదలైంది. చెవులదాకా పాకింది. నుదుట చెమట ధారకట్టింది. చేతిసంచిలో కాగితమేదైనా ఉందేమోనని వెతుక్కుంది.

"వచ్చిందా?" అంది సలోమమ్మ.

"వచ్చింది అమ్మగారూ."

"నాకు ఇది లేదు. ఆ మంట ఎట్టా ఉంటదో తెలియదు" అంది ఆవిడ. సూది గుచ్చని రెండో చెయ్యి చాపి, బల్ల మీదున్న ఆసుపత్రి పత్రిక అందుకుంది. ఆ చేతిలో పెద్దగా బలం లేదు. అయినా నవోమి మొహానికేసి మెల్లగా విసరడం మొదలుపెట్టింది.